ఏ మనం, బావగారూ?

మా అత్తవారింట్లో ‘మేం’ అనే మాట లేదు. మామగారు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయగడ వచ్చి అక్కడే స్థిరపడ్డారు. కొడుకులిద్దరూ రైల్వే క్వార్టర్లలో పెరిగి, ఒడియా బడిలో చదివి, వీధిలో హిందీ మాట్లాడుకున్నారు. ఒడియాలో ‘ఆమే’ అంటే మనమూ అదే, మేమూ అదే. హిందీలో ‘హమ్’ కూడా అంతే. ఎదుటి మనిషిని కలుపుకుని చెప్పడానికి ఒక మాట, కలుపుకోకుండా చెప్పడానికి ఇంకో మాట పెట్టుకున్న భాష మనది. వాళ్ళకి ఆ రెండోదాని అవసరం కనిపించలేదు. అన్నిటికీ ‘మనం’తోనే సరిపెట్టేశారు.

నాది పాతపట్నం. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కాఫీ తాగుతూ, “నిన్న మనం సినిమాకెళ్ళేం. బలేగున్నాది,” అన్నారు. ఆ సినిమా వేళకి నేను వంటింట్లో అంట్లు తోముతున్నాను.

“ఏ మనం, బావగారూ?” అన్నాను.

కొత్త కోడలు బావగారితో పరాచికాలాడటమేమిటని అత్తగారు కళ్ళెర్రజేశారు గానీ ఆయన మాత్రం పగలబడి నవ్వారు. “నీది ఆంధ్రా తెలుగమ్మా. మనది రాయగడ తెలుగు,” అన్నారు. చూడండి, అందులో కూడా మనది. నీది వేరని నాకే చెప్తూ ‘మనది’ అన్న మనిషి ఆయన.

ఆ తర్వాత ఆ ప్రశ్న ఇంట్లో వాడుకైపోయింది. అన్నదమ్ములిద్దరిలో ఎవరు మనం అన్నా నేను “ఏ మనం?” అనేదాన్ని, అందరం నవ్వుకునేవాళ్ళం. కొన్నేళ్ళకి అడగడం మానేశాను. సందర్భాన్నిబట్టి నేనే అర్థం చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. పెళ్ళంటే సగం ఇలాంటి అనువాదమే కదా.

తర్వాత బావగారికి దామంజోడిలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. ఆయనా, మా తోటికోడలు అక్కా టౌన్‌షిప్ క్వార్టర్లోకి వెళ్ళారు. మేమిద్దరం గుణుపురం వచ్చాం. నాకు కాలేజీ ఆఫీసులో పని దొరికింది. మా ఆయన వంశధార వైపు దిగే వీధిలో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, ముందు గదిలో మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపు పెట్టారు. మాకు పిల్లల్లేరు. మా నాన్న పోయాక అమ్మని తెచ్చుకున్నాను. నౌపడా బండి దిగినప్పుడు ఆవిడ చేతిలో ఒక సంచీ, రెండు ఊరగాయ జాడీలు. జాడీలు ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చింది.

అమ్మకి కొడుకుల్లేరు. కూతురింట్లో ఎన్నాళ్ళుంటావని పాతపట్నంలో ప్రతివాళ్ళూ అడిగి పంపించారు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. అన్నం పెట్టుకునేటప్పుడు కూడా ముందు మా ఆయన కంచం వైపు చూసి, తర్వాత తన కంచంలో వేసుకునేది. “ఏటలా సూస్తావత్తా, తిను,” అనేవారు మా ఆయన. మంచిగానే అనేవారు. ఆ మంచితనం గురించి తర్వాత చెప్తాను.

కరోనా రోజుల్లో రాష్ట్రాల సరిహద్దులు మూసేశారు, బళ్ళు ఆగిపోయాయి. దామంజోడిలో అక్కకి బీపీ మాత్రలు అయిపోయి, బావగారు స్కూటర్ మీద ఊరంతా తిరిగి, చివరికి ఎవరో తెలియని మనిషి గుమ్మం ముందు చేతులు జోడించి ఒక అట్ట తెచ్చుకున్నారు. అది ఆయన మర్చిపోలేదు. రిటైరై గుణుపురంలోనే, రాయగడ రోడ్డు వైపు మెట్ట మీద ఇల్లు కట్టుకున్నప్పుడు పైన ఒక గది ప్రత్యేకంగా వేయించారు. “ఇంక ఎవుడి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదు,” అన్నారు గృహప్రవేశం నాడు. ఆయన భయం అబద్ధమని నేనెప్పుడూ అనను.

భయానికి తోడు ఫోను దొరికింది. అడవిలో నిప్పు ఎలా రాజెయ్యాలి, మురికినీళ్ళు ఎలా వడగట్టాలి, మూడు నెలల తిండి ఎలా దాచాలి అని ఎక్కడెక్కడివో వీడియోలు చూసేవారు. పై గదిలో నీలం డ్రమ్ములు వచ్చాయి. డాబా మీద సోలార్ పలకలు, గదిలో ఇన్వర్టరు, చిన్న గ్యాసు పొయ్యి, వరసగా బియ్యం డబ్బాలు. గుమ్మం పక్కన మేకుకి ఒక సంచీ. అందులో టార్చి, తాడు, ఈల, బిస్కట్లు, ఆధార్ కార్డుల జిరాక్సులు. మాకూ అలాంటిదే ఒకటి కొనిచ్చారు. “దీపం ఉండగానే ఇల్లు సక్కబెట్టుకోవాలి,” అన్నది ఆయన ఉదయపు సామెత. సాయంత్రానికి “ఇల్లు కాలేక నుయ్యి తవ్వుతారేటి?” అనేవారు.

మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత నవ్వడం తగ్గింది. ధరలు పెరిగాయి, కాంట్రాక్టు పనులు పోయిన కుర్రాళ్ళు ఊళ్ళకి తిరిగొచ్చారు, టీవీలో రోజూ ఏదో ఒక యుద్ధం. సంతలో ఉల్లిపాయలమ్మే మనిషి పక్కనే ఈలలూ, బేటరీ లైట్లూ పరిచి అమ్మడం మొదలుపెట్టాడు. మా కాలేజీలో లెక్చరర్లు ఇదివరకు డీఏ గురించి మాట్లాడుకునేవారు, ఇప్పుడు ఎవరి సంచిలో ఏముందో మాట్లాడుకునేవారు. ఒక పెళ్ళిలో వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నెకి బదులు చార్జింగ్ లైటు పంచారు. దాన్ని వెలిగించి చూసి మా అమ్మ, “ఏటమ్మీ, సీకటి రాబోతున్నాదని ఈళ్ళకెవులు సెప్పేరు?” అంది.

కానీ బావగారి పనిలో అందరికంటే ఉత్సాహంగా దిగింది అమ్మే. వెళ్ళి మెట్లెక్కి ఆ పై గదిలో కూర్చునేది. పప్పులు ఎండబెట్టింది, వేపాకు వేసి కట్టింది, మిరపకాయలు తొడిమలు తీసింది, వడియాలు పెట్టింది. ఆ డాబా మీద ఎండ మా అమ్మ ఒంటికి పట్టినంత ఆ ఇంటివాళ్ళ ఒంటికి పట్టలేదు. ఒడిశాలో తుఫానొచ్చినా వరదొచ్చినా ముందు పంచేది అటుకులూ బెల్లమూ. వాళ్ళ భాషలో చుడా గుడ. బావగారు అవి తెచ్చి, “అత్తయ్యగారూ, చుడా గుడ డబ్బాకెత్తండి,” అన్నారు.

“ఏటి సూడగూడదు?” అంది అమ్మ.

ఆయనకి నవ్వాగలేదు. ఆ డబ్బాకి అదే పేరు ఖాయమైంది. చూడగూడదు డబ్బా. మూత ఊడిపోకుండా అమ్మ తన పాత చీర అంచు చింపి దానికి ఎర్రటి కట్టు కట్టింది.

ఒకరోజు అక్కణ్ణుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా దగ్గరికొచ్చింది. “అమ్మీ, మీ బావగారు ఏటన్నారో తెలుసా? ‘ఇంక మనకేటి బయ్యం అత్తయ్యగారూ, ఏదొచ్చినా మూడు నెల్లు మనం కిందికి దిగక్కర్లేదు’ అన్నారు. మనం అన్నారే.” ఆవిడ మొహం అంత విప్పారి ఉండటం నాన్న పోయాక అదే చూడటం. నా నాలుక చివరిదాకా వచ్చింది, వాళ్ళు అన్నిటికీ మనమే అంటారమ్మా అని. అనలేదు. అనకపోవడానికి కారణం జాలి కాదు. నేనూ నమ్మాను. అంతంత పని చేయించుకున్నవాడు మనం అంటే అది మనమే అవుతుంది గానీ ఇంకేమవుతుంది?

ఆ తర్వాతి చలికాలంలో అమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దముద్దగా వస్తుంది, నాకు తప్ప మిగతావాళ్ళకి రెండుసార్లు చెప్పాలి. మంచానికీ ప్లాస్టిక్ కుర్చీకీ మధ్యే ఆవిడ ప్రయాణం. బావగారు, అక్క యాపిల్ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. వెళ్ళేటప్పుడు అన్నదమ్ములిద్దరూ వీధిలో స్కూటర్ దగ్గర నిలబడి చాలాసేపు ఒడియాలో మాట్లాడుకున్నారు. సొంత విషయాలు వాళ్ళెప్పుడూ ఒడియాలోనే మాట్లాడుకుంటారు. ఏమిటని అడిగితే, “ఏటీ లేదు, అన్నయ్య ఇన్వర్టర్ బేటరీ సంగతి,” అన్నారు మా ఆయన. అడిగినదానికి జవాబొచ్చింది కదా అని నా పనిలో నేను పడ్డాను.

ఆ ఏటి వానల్లో వంశధార పొంగింది. తెల్లారగానే ఆటోలో మైకు పెట్టుకుని వీధి ఖాళీ చెయ్యమని చెప్పుకుంటూ పోయారు. టీ మరిగేలోపు నీళ్ళు మా అరుగు తాకాయి. మా ఆయన షాపులో మోటార్లు అటకెక్కిస్తున్నారు. నాకు కంగారుగా ఉంది గానీ భయం లేదు. వెళ్ళడానికి చోటుంది, దానికి తాళం తీసే మనుషులున్నారు. మనసులో బావగారికి దణ్ణం పెట్టుకున్నాను కూడా. ఇన్నాళ్ళూ నవ్విన నవ్వులన్నీ వెనక్కి తీసుకున్నాను.

అమ్మ తల దువ్వమంది.

“ఇప్పుడేటమ్మా, నీళ్ళొచ్చేస్తున్నాయి.”

“సుట్టాలింటికెళ్తున్నాం,” అంది వంకర మూతితో.

దువ్వాను. నుదుట విభూతి పెట్టాను. ఎదురింటివాళ్ళ సామాన్లు చేరేస్తున్న ట్రాక్టరు దొరికింది. మా ఆయనా, ఆ డ్రైవరూ అమ్మని కుర్చీతో సహా ఎత్తి ట్రాలీలో పెట్టారు. బావగారిచ్చిన సంచీ మా ఆయన భుజాన ఉంది. వానలో గొడుగు పట్టుకుని కూర్చున్నాను. మెట్ట ఎక్కి ఇల్లు కనబడగానే అమ్మ బాగున్న చెయ్యి ఎత్తి పైన గది చూపించింది. ఆ కిటికీలో లైటు వెలుగుతోంది. ఊరంతా కరెంటు లేదు.

గేటుకి గొలుసు వేసి ఉంది. బావగారు రెయిన్‌కోటు వేసుకుని బయటికొచ్చారు, గొలుసు తీసి గేటు సగమే తెరిచారు.

“మంచి పని సేసేరు, తొరగా వచ్చేరు. నువ్వూ తమ్ముడూ లోపలికెళ్ళండమ్మా,” అన్నారు. తర్వాత ట్రాలీ వైపు చూసి గొంతు తగ్గించారు. “మీ అమ్మగార్ని హైస్కూలుకి తీసుకెళ్ళమందాం. అక్కడ సెంటర్ పెట్టేరు. డాక్టర్లొస్తారంట. ఆవిడికే మంచిది.”

అత్తయ్యగారు పోయి మీ అమ్మగారయింది. ముందు నాకు అదే వినబడింది.

“నేనూ ఈయనా మోస్తాం బావగారూ. ఆవిడ పనులన్నీ నేనే చూసుకుంటాను,” అన్నాను.

“మొయ్యడం కాదమ్మా. మంచం మీదున్న మనిషికి రోజుకి నీళ్ళెన్ని కావాలో తెలుసు గదా. ఎన్నాళ్ళో తెల్దు. నిన్నేడిపించడానికి కాదు గానీ, ఇలాంటప్పుడు గట్టిగుండాలి. ఎప్పుడో అనుకున్నదే ఇది. మన దగ్గరున్నది మన నలుగురికే సరిపోద్ది.”

“ఏ మనం, బావగారూ?”

అన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ప్రశ్న అడిగాను. ఆయన నవ్వలేదు. మొదటిసారి దానికి జవాబు చెప్పారు.

“మనం అంటే మనమే. నేనూ, మీ అక్క, తమ్ముడూ, నువ్వూ. నువ్వు మనమే అమ్మా, నిన్నేటన్నాం?”

నన్ను కలుపుకుని, నన్ను కన్న మనిషిని గేటు బయట పెట్టారు. పైన కిటికీలో అక్క కనిపించింది, నేను తలెత్తగానే పక్కకి తప్పుకుంది. ఆ గదిలో ప్రతి డబ్బా మూత మీదా మా అమ్మ వేళ్ళు పడ్డాయి. ఆ వేళ్ళు పనిచేసినన్నాళ్ళూ మనం, పడిపోయాక మీ అమ్మగారు. ఆ క్షణంలో ఆయన రెయిన్‌కోటు పట్టుకుని బురదలోకి లాగాలనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అయినా ఆయన మీద వచ్చింది ఒట్టి కోపమే. ‘ఎప్పుడో అనుకున్నదే’ అన్నారు కదా. ఎవరితో అనుకున్నారు? తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన సంచీ పట్టీ సర్దుకుంటున్నారు.

“మీకు తెలుసా?”

“అన్నయ్య అప్పుడే సెప్పేడు.”

“ఎప్పుడు?”

“అత్తకి బాగులేనప్పుడు. నీకు సెప్దామనే అనుకున్నాను. అంతదాకా రాదులే అని...”

ఇన్వర్టర్ బేటరీ సంగతి. చలికాలం నుంచి వానాకాలం దాకా ఆ సంగతి కడుపులో పెట్టుకుని, రోజూ ఆవిడ పక్కన కూర్చుని, “తిను అత్తా” అన్నారు. ఆ పొద్దున కుర్చీ ఎత్తినప్పుడు కూడా ఆయనకి తెలుసు. తల దువ్వుతుంటే గుమ్మంలో నిలబడి చూశారు, అప్పుడూ తెలుసు. ఆవిడ ఎక్కడికి వెళ్తున్నాననుకుంటోందో వింటూ కూడా నోరు మెదపలేదు. బావగారు గేటు మూశారు, అంతే. నా మొగుడు ఆ గేటు దాకా తీసుకొచ్చాడు.

ట్రాలీ ఎక్కి, హైస్కూలుకి పోనిమ్మని డ్రైవరుతో చెప్పాను. “నువ్వు పద, నేను సామాన్లు లోపల పెట్టి వస్తాను,” అన్నారు మా ఆయన. ఆ సంచీ ఆయన భుజం మీదే లోపలికెళ్ళింది, టార్చి, తాడు, ఈలతో సహా. ఒక సంచీ లోపల పెట్టి రావడానికి మర్నాటి మధ్యాహ్నం దాకా పడుతుందని నాకు తెలియదు.

దారిలో అమ్మ ఏమీ అడగలేదు. ట్రాలీకీ గేటుకీ మధ్య ఎంత దూరముందని? అన్నీ విన్నది. దువ్విన తల మీద నుంచి వాన కారుతుంటే, విభూతి కరిగి కంట్లో పడుతుంటే, అలాగే కూర్చుంది. నేను తుడిచాను. “ఏడవకు,” అంది. ఏడుస్తున్నది నేనని అప్పుడు తెలిసింది.

హైస్కూల్లో తరగతి గదులన్నీ నిండిపోయాయి. ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళూ, మా వీధివాళ్ళూ, మూటలూ, కోళ్ళూ. కుర్చీ పెట్టడానికి చోటు లేక గుమ్మంలో నిలబడితే, గోడవారన పిల్లల్ని పడుకోబెట్టుకున్న ఒకామె లేచి పిల్లల్ని దగ్గరికి లాక్కుని, చాప సగానికి మడిచింది. “ఆమ పాఖకు ఆస,” అంది. మా దగ్గరికి రండి అనా, మన దగ్గరికి రండి అనా? ఆ భాషలో తెలియదు. ఆమె చాప జరిపింది కాబట్టి నాకు తెలిసింది. తప్పు ఒడియాది కాదు. ఇన్నేళ్ళూ భాష మీద తోసేసి నవ్వుకున్నాను గానీ, ఆ అన్నదమ్ములిద్దరికీ ఎవరు మనమో ఎవరు కాదో చక్కగా తెలుసు.

కాసేపటికి పంచాయతీ ఆవిడ ఒకరు బక్కెట్టు పట్టుకుని, “చుడా గుడ, చుడా గుడ” అంటూ గదిలోకి వచ్చారు. అమ్మ తలెత్తింది. సగం మూతితో నవ్వింది, భుజం కదిలేలా నవ్వింది.

“సూడగూడదు,” అంది.

నాకూ నవ్వొచ్చింది. అటుకులు నీళ్ళలో నానబెట్టి, బెల్లం చిదిపి, ముద్దలు చేసి పెట్టాను. రెండు ముద్దలు తిని మళ్ళీ, “సూడగూడదు అమ్మీ,” అంది. ఈసారి నవ్వలేదు. కిటికీ వైపు చూస్తోంది. అటువైపే మెట్ట.

ఆ తర్వాత ఏమైందని అడిగితే పెద్దగా ఏమీ కాలేదు. నీళ్ళు తీశాయి, వీధి కడుక్కున్నాం. మా ఆయన అదే షాపులో మోటార్లు బాగుచేస్తున్నారు, నేను అదే ఇంట్లో వంట చేస్తున్నాను. బావగారు పై గదికి ఇంకో ఇన్వర్టరు కొన్నారని, వరదలో ఎలా తట్టుకున్నామో చెప్తూ ఒక వీడియో కూడా పెట్టారని విన్నాను. అందులో మనం అన్నారో లేదో నేను చూడలేదు. మేం ఆ మెట్ట ఎక్కడం లేదు.

ఆ మర్నాడు హైస్కూల్లో మాత్రం, మధ్యాహ్నం వాన పల్చబడ్డాక, మా ఆయన వచ్చారు. పొడి బట్టలు, దువ్విన తల. చేతిలో డబ్బా. దానికి ఎర్రటి చీర అంచు కట్టు అలాగే ఉంది, ముడి కూడా అమ్మ వేసిందే. గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డారు.

“అన్నయ్య పంపేడు. ఆకలేస్తుంటాది గదా, మనం కూకొని తిందాం,” అన్నారు.

అమ్మ డబ్బాని చూసింది. నన్ను చూసింది. ఆ మనిషిని అనడానికి రాత్రంతా నేను కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. పాతపట్నంలో సంత మధ్య నిలబడి తిట్టేంత ఉన్నాయి. నోరు తెరిస్తే అందులో ఒక్కటీ రాలేదు. పొద్దుట్నించీ ఏమీ తినలేదు, అయినా అదే వచ్చింది.

“మేం తినేసేం,” అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట వాడని మనిషికి, వినగానే అర్థమైంది. డబ్బా గుమ్మం మీద పెట్టి అక్కడే నిలబడ్డారు. లోపలికి రమ్మని నేను అనలేదు.